పెళ్లి ఫొటోలు క్వాలిటీ తగ్గకుండా బంధువులకు పంచడం ఎలా?

నమస్కారం అండీ. నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. మా చెల్లి పెళ్లి ఫొటోలు 2,400 ఉన్నాయి. ఒక్కొక్కటి 12 ఎంబీ, అంటే మొత్తం దాదాపు 29 జీబీ. గుంటూరు, ఒంగోలు, చెన్నైలలో ఉన్న బంధువులందరికీ వీటిని అసలు సైజులోనే ఇవ్వాలి. మా అమ్మమ్మ ఉన్న ఫొటోలను పెద్దగా ప్రింట్ తీయించి ఫ్రేమ్ కట్టించుకుంటామని పిన్నివాళ్లు అడుగుతున్నారు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే తగ్గదు కానీ, ఇన్ని ఫొటోలు అలా ఎలా పంపను? గూగుల్‌లో ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్ కూడా. ఫ్లికర్ ఉచిత ఖాతాలో 1,000 ఫొటోలే పడతాయి.

డబ్బు కట్టడానికి సిద్ధమే. నా టెన్షన్ అంతా నమ్మకం గురించే. ఇదివరకు ఒక చిన్న సైట్‌లో పెట్టిన మా గృహప్రవేశం ఫొటోలు, ఆ సైట్ మూతపడడంతో పోయాయి. ఈసారి హార్డ్‌డిస్క్‌లో కాపీ ఉంచుకున్నాను.

లింక్ నొక్కగానే, లాగిన్ అడగకుండా, మా పెద్దమ్మ లాంటివాళ్లు కూడా ఒరిజినల్ డౌన్‌లోడ్ చేసుకోగలగాలి. బయటివాళ్లు చూడకుండా పాస్‌వర్డ్ కూడా పెట్టగలగాలి. మీరు ఏళ్ల తరబడి వాడుతున్నది ఏదైనా ఉంటే, ఏడాదికి ఎంత అవుతుందో కూడా దయచేసి చెప్పండి.