నెల్లూరులో అద్దె కోసం ఫ్లాటు కొనాలా, మూడు పోర్షన్ల పాత ఇల్లు కొనాలా?

ప్రశ్న (నెల్లూరు ఉపాధ్యాయిని)

అందరికీ నమస్కారం. నేను నెల్లూరులో కాపురముంటూ కావలిలోని ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. కూడబెట్టుకున్న 20 లక్షల రూపాయలకు బ్యాంకు రుణం తోడు చేసుకుని, నెలనెలా అద్దె వచ్చే ఆస్తి ఒకటి కొనాలని నిర్ణయించుకున్నాము. ఇప్పటికి రెండు చూశాము. మొదటిది వేదాయపాళెంలో పదేళ్ల కిందట కట్టిన రెండు పడకగదుల ఫ్లాటు. ధర 42 లక్షలు, అద్దె 11,000, దస్తావేజులో చూపిన భూమి వాటా 32 గజాలు. రెండోది మూలాపేటలో 18 అంకణాల (144 గజాల) స్థలంలో ఉన్న పాత ఇల్లు. ధర 50 లక్షలు. మూడు పోర్షన్లకూ కలిపి 17,000 అద్దె వస్తోంది. అద్దె చూస్తే పాత ఇల్లే మేలనిపిస్తుంది, కానీ మావారు ఫ్లాటయితే రోజువారీ బాధ్యత తక్కువని అంటున్నారు. అనుభవమున్న పెద్దలు దారి చూపగలరు.

జవాబు (దర్గామిట్ట నుంచి, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)

అమ్మా, వచ్చే అద్దెను కాక, మిగిలే అద్దెను చూడండి. ఫ్లాటుకు ఏడాదికి 1,32,000 వస్తుంది. అందులో ఒక నెల ఖాళీగా ఉంటుందని 11,000, ఇంటిపన్నుకు 5,000, రంగులకు, ప్లంబింగుకు, మధ్యలో వచ్చే మరమ్మతులకు 12,000 తీసివేస్తే సుమారు 1,04,000 మిగులుతుంది. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం కలిస్తే మీ పెట్టుబడి 45 లక్షలు దాటుతుంది కాబట్టి రాబడి 2.3 శాతం అవుతుంది. పాత ఇంటికి అద్దె 2,04,000 వచ్చినా, ఒక నెల ఖాళీ, ఇంటిపన్ను, మోటారు కరెంటు, కారే మిద్దె, పాత డ్రైనేజీ అన్నీ పోగా 1,36,000 మిగిలితే బాగా మిగిలినట్లే. రిజిస్ట్రేషన్ ఖర్చుకు తోడు కొన్న వెంటనే చేయించాల్సిన పనులకు మూడు లక్షలు వేసుకుంటే పెట్టుబడి దాదాపు 57 లక్షలు, రాబడి 2.4 శాతం. అద్దెలో కనిపించిన ఆరువేల తేడా ఇంచుమించు మొత్తం మరమ్మతులకూ అదనపు పెట్టుబడికీ పోతుందన్నమాట. పన్నులు, మరమ్మతుల అంకెలు నా అంచనాలే; మీరు వాటి స్థానంలో అసలు రసీదుల్లోని అంకెలు పెట్టి చూసుకోండి.

అసలు తేడా భూమిలో ఉంది. మన నెల్లూరు కొలతలో అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. ఫ్లాటుతో మీకు దక్కేది 4 అంకణాలు, అది కూడా అందరితో కలిసిన వాటా. భవనం ఏటా పాతబడుతుంది, విలువ పెరిగేది కింది నేలకే.

అయినా నేను మిమ్మల్ని పాత ఇంటి వైపు తొందరపెట్టను, ఎందుకంటే రుణ భారం మరో లెక్క. 25 లక్షలు 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకు తీసుకుంటే నెలసరి వాయిదా సుమారు 21,700. ఫ్లాటు అద్దె అందులో సగమే కడుతుంది, మిగతాది మీ జీతంలోంచి వెళ్లాలి. పాత ఇంటికైతే 36 లక్షలకు పైగా రుణం కావాలి, వాయిదా 31,000 దాటుతుంది. పైగా మంజూరైన ప్లాను లేని పాత ఇళ్లకు రుణమివ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. కాబట్టి బయానా ఇచ్చేముందే బ్యాంకు వారికి కాగితాలు చూపించండి. ఆదాయపు పన్నులో ఇంటిపన్ను పోగా మిగిలిన అద్దెపై 30 శాతం తగ్గింపు, దానిపైన రుణ వడ్డీ తగ్గింపు ఉన్నాయి. అయితే కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారు వడ్డీ అద్దెను మించి ఇంటిమీద వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు. పన్ను మిగులుతుందని అప్పు పెంచుకోవద్దు.

జవాబు (ఒంగోలు, రెండు ఇళ్ల యజమాని)

పై లెక్కతో ఏకీభవిస్తున్నాను, కానీ ఒక నెల ఖాళీ అన్న అంచనా మీ చేతుల్లో ఉన్న విషయమని చెప్పదలిచాను. ఆషాఢంలోనూ భాద్రపదంలోనూ పుష్యంలోనూ మన వైపు ఎక్కువమంది ఇల్లు మారరు. జూన్ నెలాఖరులో ఖాళీ అయిన ఇల్లు శ్రావణం వచ్చేదాకా టులెట్ బోర్డుతోనే ఉండిపోవచ్చు. అందుకే అద్దె ఒప్పందం గడువు బడులు తెరవకముందే, ఏప్రిల్, మే నెలల్లో ముగిసేలా రాసుకోండి. సమయానికి అద్దె ఇచ్చే కుటుంబం దొరికితే మరో ఐదువందలకోసం వారిని వదులుకోకండి. ఒక్క నెల ఫ్లాటు ఖాళీగా ఉంటే పోయే అద్దె ఆ పెంపుతో తిరిగి రావడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది.

మా ఊళ్లో ఇల్లు చూడడానికి వచ్చినవారు ముందుగా అడిగేది నీళ్ల గురించే. సాగర్ కాలువ నీటితో నిండే చెరువులే ఊరికి ఆధారం కావడంతో వేసవిలో మాకు ఆ బెంగ తప్పదు. మీరు కూడా బోరు లోతు, నీటి రుచి, ఎండాకాలంలో మోటారు ఎంతసేపు నడుస్తుందో పక్కింటివారిని అడగండి. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు ఆ వీధి దాకా నీరు వచ్చిందా అన్నదీ వారే చెప్పగలరు.

మూడు పోర్షన్లకూ ఒకే కరెంటు మీటరు ఉంటే కొన్న నెలలోనే విడదీయించండి. వాడకమంతా ఒకే బిల్లులో కలిస్తే పై శ్లాబుల్లోకి వెళ్లి యూనిట్ ధర పెరుగుతుంది, దాన్ని పంచుకోవడంలో అద్దెకున్నవారి మధ్య ప్రతి నెలా మాటలు వస్తాయి. మీరు రోజంతా కావలిలో ఉంటారు కనుక పిలిస్తే వచ్చే ప్లంబరూ ఎలక్ట్రీషియనూ లేకుండా మూడు పోర్షన్లు నడపడం కష్టమని నా అభిప్రాయం.

జవాబు (నెల్లూరు న్యాయవాది)

మూలాపేట వంటి పాత పేటల్లో ధర కంటే హక్కు ముఖ్యం. కనీసం ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తిపై జరిగిన రిజిస్టరు లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం), లింకు దస్తావేజులు (ఆస్తి ఇదివరకు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు) అన్నీ చూడండి. ఇల్లు పిత్రార్జితమైతే కొడుకుల సంతకాలతో సరిపెట్టుకోవద్దు. మన రాష్ట్రంలో 1986 సవరణ, ఆపై దేశమంతటికీ 2005 సవరణ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చాయి. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పెళ్లయి వేరే ఊళ్లో ఉన్న కూతుళ్లు కూడా దస్తావేజులో సంతకం చేయాలి. ఫ్లాటైతే మంజూరు ప్లానులో ఆ అంతస్తు ఉందా లేదా చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. పాత ఇల్లు ముగ్గురు అన్నదమ్ములు, ఒక అక్కగారి ఉమ్మడి ఆస్తి అని ఇప్పుడే విచారించి తెలుసుకున్నాను. ఈసీ తీసి, బ్యాంకులో అడిగిన తరువాతే ముందుకు వెళ్తాము. ఒక్క సందేహం: ఇప్పుడు అద్దెకున్న మూడు కుటుంబాలు పాత యజమానికి ఇచ్చిన అడ్వాన్సు సంగతేమిటి?

జవాబు (నెల్లూరు న్యాయవాది)

ఎవరు ఎంత ఇచ్చారో అద్దెకున్నవారితోనే రాయించుకుని, ఆ మొత్తాన్ని ధరలో తగ్గించి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇచ్చే బాధ్యత మీదేనని విక్రయ దస్తావేజులో చేర్చండి. రిజిస్ట్రేషన్ అయిన రోజే మీ పేరుతో వారికి కొత్త ఒప్పందాలు రాయండి. ఏడాదికి మించితే రిజిస్టరు చేయించాలి కనుక పదకొండు నెలలకు రాసుకోవడమే మనవైపు వాడుక.