బుల్ టెర్రియర్ తోక వెంట గుండ్రంగా తిరుగుతోంది, మందు మొదలుపెట్టవచ్చా?

మాది తెల్ల బుల్ టెర్రియర్, మగది, వయసు 14 నెలలు, బరువు 26 కిలోలు. కొంతకాలంగా తోక పట్టుకోబోతూ గుండ్రంగా తిరుగుతోంది. కుక్కపిల్ల ఆట అని నవ్వుకునే దశ ఎప్పుడో దాటిపోయింది. ఎక్కువగా సాయంత్రం 6, 7 మధ్య మొదలవుతుంది, ఒక్కోసారి 20 నిమిషాలైనా ఆగదు. ఎప్పుడూ ఎడమవైపే. కళ్లు ఎటో చూస్తున్నట్టుంటాయి. పేరు పెట్టి పిలిచినా, ఇష్టమైన ముక్క ముక్కు దగ్గర పెట్టినా పట్టించుకోదు. చేత్తో ఆపబోతే గుర్రుమంటుంది (మామూలప్పుడు పిల్లలు మీద ఎక్కినా ఏమీ అనదు). తోక చివర వెంట్రుకలు ఊడి పుండు పడింది.

తెల్లవాటిలో చెవుడు ఎక్కువ కాబట్టి ముందు బేర్ (BAER, వినికిడి) పరీక్ష చేయించాం, రెండు చెవులూ బాగానే వినిపిస్తున్నాయి. చర్మం, మలద్వారం పక్కనుండే గ్రంథులు, వెన్ను డాక్టరు చూశారు, ఏమీ లేదు. రక్తపరీక్ష, మూత్రంలో ప్రొటీన్ నార్మల్. నడక పెంచాం, నమిలే బొమ్మలిచ్చాం, మొదలవగానే వేరే గదిలోకి తీసుకెళ్లి చూశాం. మెడకు కోన్ (తోక కొరక్కుండా పెట్టే ప్లాస్టిక్ గరాటు) పెడితే దాంతోనే గోడలకు గుద్దుకుంటూ తిరిగింది, తీసేశాం.

ఇప్పుడు డాక్టరు ఫ్లూఓక్సెటిన్ (ఆందోళనకు, ఇలా ఆపుకోలేక చేసే అలవాట్లకు ఇచ్చే మందు) ఇద్దామంటున్నారు. ఈ జాతిలో ఇలా తిరగడం అలవాటు జబ్బే కాకుండా ఒక రకం మూర్ఛ కూడా కావచ్చంటారు. మూర్ఛ ఉన్న కుక్కకు ఆ మందు జాగ్రత్తగా వాడాలి. టెన్షన్ అంతా అక్కడే.

మీ బుల్ టెర్రియర్‌కు ఇలాగే ఉంటే, ఫ్లూఓక్సెటిన్ మొదలుపెట్టే ముందు మూర్ఛ కాదని ఏ పరీక్షతో తేల్చుకున్నారు?