రేకు స్టడ్ (జిప్సం గోడ లోపల నిలువుగా ఉండే లోహపు కమ్మీ) ఉన్న గోడకు బీరువా బిగించడం ఎలా?

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, హేవర్డ్ ఫాల్ట్‌కు (భూమి పొరల్లోని పగులుకు) దగ్గర్లో అద్దెకుంటున్నాం. 1868లో పెద్ద భూకంపం తెచ్చిన ఫాల్ట్ అది. నీళ్లు, టార్చ్, మందులు సర్దిపెట్టాం. పాప మంచం పక్కనున్న ఆరడుగుల పుస్తకాల బీరువాతోనే టెన్షన్. మంచం జరపడానికి వేరే చోటు లేదు.

బీరువాను నైలాన్ పట్టీలతో గోడకు బిగించబోయాను. రెండున్నర అంగుళాల చెక్క స్క్రూ ఊరికే తిరిగి, తెల్లటి జిప్సం పొడితో సహా ఊడొచ్చింది. అయస్కాంతం పెడితే పైనుంచి కిందిదాకా అంటుకుంటోంది, అంటే లోపల ఉన్నది రేకు స్టడ్. ప్లాస్టిక్ యాంకర్ (స్క్రూ పట్టుకోవడానికి రంధ్రంలో దూర్చే గొట్టం) చేత్తో లాగితేనే కదిలింది. డబుల్ టేప్ వారానికే పెయింట్‌తో సహా లేచింది. బరువు పుస్తకాలు కింది అరల్లోకి మార్చాను. రంధ్రాలకు ఓనరు ఒప్పుకున్నారు.

ఇలాంటి గోడకు బిగించినవాళ్లు చెప్పండి: రేకు స్టడ్‌లోకే టాగుల్ బోల్ట్ (రంధ్రం వెనక అడ్డంగా తిరిగి పట్టుకునే బోల్ట్) వేయాలా, రెండు స్టడ్‌లకు అడ్డంగా చెక్క పలక బిగించి దానికి పట్టీలు కట్టాలా?