ఈవా హెస్సే రబ్బరు శిల్పాలు మళ్ళీ కొత్తగా చేయొచ్చా? పాడైనవి పాడైనట్టే ఉంచాలా?

పాతకాగితం:
నిన్న రాత్రి ఫ్రెండ్‌తో గంటసేపు కొట్లాడినా తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఈవా హెస్సే అని యూదు శిల్పి, 1936లో హాంబర్గ్‌లో పుట్టింది, నాజీల భయానికి 1938 డిసెంబర్లో అమ్మానాన్న ఈమెనీ అక్కనీ పిల్లల రైలెక్కించి హాలండ్ పంపేశారు, అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. 1939లో అందరూ కలిసి న్యూయార్క్ చేరారు. పదేళ్ళకి తల్లి ఆత్మహత్య. యేల్ యూనివర్సిటీలో పెయింటింగ్ చదివింది, శిల్పంలోకి వచ్చింది 1965లో, 1970 మేలో బ్రెయిన్ ట్యూమర్‌తో పోయింది, 34 ఏళ్ళు. అంటే గట్టిగా ఐదేళ్ళ పని. గొడవ ఏంటంటే ఆఖర్లో లేటెక్స్‌తో, అంటే రబ్బరు పాలతో చేసినవి చాలా వరకు ఇప్పుడు ముదురు రంగుకి తిరిగి పెళుసెక్కిపోయాయి, కొన్నిటిని బయట పెట్టడానికే భయపడుతున్నారు. మావాడు ఫొటోలున్నాయి, కొలతలున్నాయి, కొత్తగా చేసేయొచ్చుగా అంటాడు. నేను వద్దంటా.

డబుల్‌షిఫ్ట్:
రబ్బరు గ్లౌజుల ఫ్యాక్టరీలో పనిచేస్తా, ఆర్ట్ తెలీదు, రబ్బరు తెలుసు. పాత రేషన్ కార్డుల కట్టకి వేసిన రబ్బరు బ్యాండ్ గుర్తుందా, ముందు జిగురై కాగితానికి అంటుకుంటుంది, తర్వాత ముట్టుకుంటే ముక్కలు. గాలీ వెలుతురూ తగిలితే ఇంతే. మేం గంధకం వేసి, యాంటీ ఆక్సిడెంట్లు కలిపి, వేడి చేసి ఇంత చేసినా డబ్బా మీద ఎక్స్‌పైరీ డేట్ కొడతాం. పోతుందని ఆమెకి తెలుసా?

పాతకాగితం:
తెలుసన్నా. చనిపోయే ముందు ఇచ్చిన ఇంటర్వ్యూలో జీవితమే నిలవదు, కళా నిలవదు, పర్లేదులే అన్నట్టు మాట్లాడింది.

గోడమీదపిల్లి:
సగం చెప్పి వదిలేయకండి సార్. అదే ఇంటర్వ్యూలో, జనం డబ్బులిచ్చి కొంటుంటే తప్పు చేసినట్టుంది, ఇది నిలవదని వాళ్ళకి ఉత్తరం రాయాలనిపిస్తోంది అని కూడా అంది. పర్లేదనుకునే మనిషికి ఆ బాధెందుకు?

సాయంకాలం_చాయ్:
నాకైతే వినాయక నిమజ్జనం గుర్తొస్తోంది. మట్టి మట్టిలో కలవాల్సిందే. పైగా హోలోకాస్ట్ నుంచి, అదే నాజీలు చేసిన యూదుల ఊచకోత నుంచి తప్పించుకున్న మనిషి, ఆ శిథిలమే ఆమె కథ కదా.

బంకమట్టి:
అక్కా, రెండూ ఒప్పుకోను. నిమజ్జనానికి తిథి ఉంటుంది, అందరం అనుకునే చేస్తాం. ఈమె తేల్చుకోకముందే పోయింది. ఇక రెండోది, ఏం చేసినా నాజీలూ తల్లి చావూ ట్యూమరూ అంటూ దానికే ముడిపెడతారు, చిరాకేస్తుంది. ఆమె పదేపదే వాడిన మాట అసంబద్ధత. 1966లో చేసిన 'హ్యాంగ్ అప్' చూడండి, గుడ్డ చుట్టిన ఖాళీ ఫ్రేము, లోపల బొమ్మ లేదు, అందులోంచి ఓ పెద్ద తీగ బయటికొచ్చి నేల మీద మెలిక తిరిగి మళ్ళీ ఫ్రేములోకే పోతుంది. నాకు నవ్వొచ్చింది. ఇంకోటి, ఇనుప పెట్టెకి చుట్టూ చిల్లులు, వాటిల్లోంచి వేలకొద్దీ ప్లాస్టిక్ గొట్టాలు దూర్చి ఉంటాయి, బయటికి లెక్క ప్రకారం నీట్‌గా, లోపల చూస్తే ముళ్ళపంది.

ఇక అసలు ప్రశ్న. శిల్పం చదువుకునేప్పుడు లేటెక్స్ నేనూ వాడా. పల్చటి నూలు గుడ్డ పరిచి బ్రష్‌తో పాల లాంటి ద్రవం పూయాలి, ఆరాక మళ్ళీ పూయాలి, గదంతా అమ్మోనియా కంపు. మా అమ్మమ్మ చాప మీద మామిడి తాండ్ర వేసేది చూశారా, పొర ఆరాక పొర, అచ్చం అదే. ఎండలో ఏ పూట ఎంత ఆరింది, ఎక్కడ చెయ్యి మందమైంది అన్నది కొలతల్లో దొరకదు. అదే మామిడిపండు తెచ్చి నేను వేస్తే అమ్మమ్మ తాండ్ర అవుతుందా?

గోడమీదపిల్లి:
తాండ్ర బాగుంది కానీ, ఆమే తన చేత్తో అన్నీ చెయ్యలేదుగా. 1968లో చేసిన 19 ఫైబర్‌గ్లాస్ బకెట్లు వర్క్‌షాపులో చేయించింది. ట్యూమర్ ఆపరేషన్ల తర్వాత సహాయకులే ఎక్కువ చేశారు. అప్పుడు పరాయి చెయ్యి ఓకే, ఇప్పుడు కాదా? ఆమె ప్రాణస్నేహితుడు, సోల్ లెవిట్ అనే ఆర్టిస్టు, ఆయన గోడ బొమ్మలైతే కాగితం మీద రాసిచ్చిన సూచనలు చూసి ఎవరెవరో గీస్తారు, చెరిపేసి ఇంకో ఊళ్ళో మళ్ళీ గీస్తారు.

బంకమట్టి:
లెవిట్ సూచనలు రాసిపెట్టాడు. ఈమె రాయలేదు. బకెట్లు చేసేప్పుడు పక్కన నిలబడి ఇది కాదు, ఇంకొంచెం వంకర అని చెప్పడానికి మనిషి ఉంది. ఇప్పుడెవరు చెప్తారు?

గోడమీదపిల్లి:
సరే, 'ఎక్స్‌పాండెడ్ ఎక్స్‌పాన్షన్' సంగతి చెప్పు. 1969 నాటిది, పదడుగుల ఫైబర్‌గ్లాస్ కర్రలు గోడకి ఆనించి, మధ్యలో రబ్బరు పూసిన గుడ్డ తెరలా వేలాడుతుంది. గదిని బట్టి జరపొచ్చు, దగ్గరికి ముడవచ్చు, పేరుకి అర్థమే 'విస్తరించిన విస్తరణ'. ఇప్పుడు ముడిస్తే విరుగుతుంది. చెయ్యాల్సిన పనే చెయ్యలేనప్పుడు దాన్ని అసలైనది అని ఎలా అంటాం?

డబుల్‌షిఫ్ట్:
ఇది పాయింటే.

న్యూజెర్సీ_చలి:
2022లో న్యూయార్క్ గుగన్‌హైమ్ మ్యూజియంలో దాన్నే చూశా, మూడు దశాబ్దాలు దాటి గోడౌన్లో ఉన్నదాన్ని బాగుచేసి పెట్టారు. పక్కనున్న పాత ఫొటోల్లో మెత్తగా, వెలుగు ఇటునించి అటు పోయేలా ఉంది. ఎదురుగా ఉన్నది మాత్రం గట్టిగా, గోధుమరంగులో, మడతలు ఎక్కడివక్కడ బిగుసుకుపోయి. కింద అంచు దగ్గర గుడ్డ నేత రబ్బరులోంచి పైకి కనిపిస్తోంది, బ్రష్ ఎటు లాగారో కూడా తెలుస్తోంది. నా ముందున్న పిల్లాడు ఇది తోలా అని వాళ్ళమ్మని అడిగాడు. ఇరవై నిమిషాలు అక్కడే ఉండిపోయా. కొత్తది పెట్టి ఉంటే ఆ బ్రష్ జాడ కోసం వంగి చూసేదాన్ని కాదనుకుంటా, కానీ వేలాడే మెత్తదనం కూడా చూడాలనిపించింది, అబద్ధమెందుకు.

పాతకాగితం:
మీ పోస్టు మావాడికి పంపా. "అయితే అదలాగే ఉంచి పక్కన కొత్తది ఒకటి చేసి పెట్టమను, చేత్తో ముడిచి చూస్తాం" అంటున్నాడు. దీనికేమనాలో తెలీట్లేదు, బంకమట్టి గారూ, కాస్త చూడండి.

బంకమట్టి:
పక్కన శాంపిల్ అని చీటీ పెడితే ఓకే. ఆమె పేరు పెడితే మాత్రం మళ్ళీ కొట్లాటే.