ఎండకాలంల లో-ప్రొఫైల్ (పక్కగోడ పొట్టిగ ఉండే) లారీ టైర్లల్ల గాలి తగ్గియ్యాల్నా, వద్దా?

(లారీవాళ్ల చర్చ ఇది. ఒక్కో మాట ముందు ఉన్నది రాసినోళ్ల మారుపేరు.)

మిర్యాలగూడ పది చక్రాలు: బండి పాసింగు (లోడుతోని మొత్తం బరువు హద్దు) 28 టన్నులు. టైర్లు 295/60 ఆర్ 22.5 ట్యూబ్‌లెస్, మీద 150/147 అని ఉంది. వాడపల్లి దిక్కు నుంచి సిమెంటు లోడు హైదరాబాదుకు, వాపసు ఖాళీ. ఎండ 44 దాటంగనే గాలి కొట్టేటోళ్లు 120 పౌండ్లు వద్దు, 105 చాలంటున్నరు. ముందు ఎంత, వెనుక ఎంత పెట్టాలె? తెలిసినోళ్లు లెక్కతోని చెప్పుండ్రి.

పాలమూరు రోడ్డు: తగ్గియ్యాలె. జడ్చర్ల నుంచి కర్నూలు దిక్కు మధ్యాహ్నం లోడుతోని పోతే, పొద్దుగాల 120 పెట్టింది 133 దాకా పోతది. మీదికెల్లి ఎండ, కిందికెల్లి తారు వేడి. అంత గట్టి టైరు కంకర మీద లోతుగ కోసుకపోతది. ఖాళీ బండి అయితే వెనుక ఎగురుతది, బ్రేకు సరిగ్గ పట్టదు, గ్రిప్పు నడుమనే అరుగుతది.

నల్లగొండ గేజీ: అన్నా, 133 లెక్క సరైందే. 30 డిగ్రీల మీద ఉన్న టైరు 60కి పోతే 120 పౌండ్లు అంతే అయితయ్. గని దాన్ని చూసి గాలి తియ్యొద్దు. టైరు మీద రాసే ప్రెషరు చల్లటి టైరుకు చెప్పింది, నడిచేటప్పుడు పెరిగేది తయారీలనే లెక్కల ఉంటది.

టైరు ఎక్కువగ పేలేది గాలి తక్కువైనప్పుడు. గాలి తక్కువుంటే పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగుతది. ఆ వంగుడు నుంచే వేడి పుడతది, వేడికి బెల్టు (గ్రిప్పు కింది తీగెల పొర) అంచుల కాడ రబ్బరు విడుస్తది. వేడి మీద 133 చూసి 120కి దించినవనుకో, రాత్రికి చల్లారినంక గేజీ పెడితే 108 ఉంటది. తెల్లారి మళ్ల లోడు ఎత్తితే 12 పౌండ్ల లోటుతోని బయలెల్లినట్టే. ఎండకాలంల ఇదే అన్నిటికన్న పెద్ద తప్పు.

గాలి తగ్గిస్తే గుంతలల్ల టైరు బతుకుతదనుకుంటరు, అది కూడ ఉల్టా. 295/80 (వెడల్పు 295 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు దాంట్ల 80 శాతం) పక్కగోడ 236 మిల్లీమీటర్లుంటే, 295/60ది 177 మాత్రమే. గాలి తగ్గిస్తే గుంత అంచు మీద పక్కగోడ నలిగి లోపలి తీగెలు తెగుతయ్, రిమ్ము వంగుతది.

కాంటా లెక్క: ఎండను చూసి కాదు, ఇరుసు మీది బరువును చూసి గాలి పెట్టాలె. 2018 జూలై నుంచి పది టైర్ల బండికి సర్కారు హద్దు ముందు ఇరుసుకు 7 టన్నులు, వెనుక జోడు ఇరుసులకు 21 టన్నులు.

150/147 అనేది బరువు సూచిక, అంటే ఒక్కో టైరు సింగిల్‌గ ఉంటే 3350 కిలోలు, జోడిల ఉంటే 3075 కిలోలు మోస్తది. అది 900 కిలోపాస్కల్, అంటే సుమారు 130 పౌండ్ల మీద.

వెనుక: 21 టన్నులను ఎనిమిది టైర్లకు పంచితే ఒక్కదానికి 2625 కిలోలు. దీనికి 107 పౌండ్లకన్న తగ్గొద్దు. రెండు ఇరుసుల మీద బరువు సమంగ పడదు, గేజీ తేడా ఉంటది, అందుకే 110 నుంచి 115 పెట్టు.

ముందు: ఒక్క టైరు మీద 3500 కిలోలు పడుతయ్, దాని హద్దు 3350. 130 కొట్టినా ముందు రెండు టైర్లు కలిసి 7 టన్నులు మొయ్యయ్, 6.7 కాడ ఆగుతయ్. కాంటా మీద ముందు ఇరుసు ఒక్కటే తూయించు. 6.7 దాటితే బరువు సూచిక 152 అయినా ఉన్న టైరు, బండి కంపెనీ ఒప్పిన సైజుల, వెయ్యాల్సిందే. ఇక్కడ గాలి గురించి కొట్లాడి లాభం లేదు.

పాలమూరు రోడ్డు: ముందు టైరు మాట ఒప్పుకుంటున్న, 105 ముందుకు అసలే పనికిరాదు. ఖాళీ వాపసుకు?

కాంటా లెక్క: ఖాళీకి 110 ఎక్కువే, నడుమ అరుగుడు నిజమే. గని రోజు లోడు ఎత్తే బండికి పోంగ కొట్టుడు, రాంగ తీసుడు కుదరదు. ఒక్కపారి మరిచిపోతే టైరు పోతది. లోడు లెక్కకే పెట్టి టైర్లు స్థానాలు మార్చుకుంట పోవాలె. వారాలకొద్ది ఖాళీగనో సగం లోడుతోనో నడిచే బండి సంగతి వేరు, దానికి కాంటా చూసి తగ్గియ్యొచ్చు.

నల్లగొండ గేజీ: తమ్మీ, చూసే పద్ధతి కూడ రాసుకో. పొద్దుగాల బండి కదలకముందు, లేకుంటే మూడు గంటలు నీడకు నిలిపినంక గేజీ పెట్టు. సుత్తెతో కొట్టి చూసుడు ఈ టైర్లకు నడువదు, పక్కగోడ పొట్టిది కాబట్టి 80 ఉన్నా నిండుగనే కనబడతది. జోడి టైర్లల్ల తేడా 5 పౌండ్లు దాటొద్దు, దాటితే నిండుగ ఉన్నది రెండో దాని బరువు కూడ మోస్తది. లోపలి టైరును అందరు వదిలిపెడుతరు, దాని వాల్వుకు పొడుగు పైపు పెట్టిస్తే రోజు చూడొచ్చు. వాల్వు మూత రబ్బరు వాషరున్న లోహపుదే వెయ్యి.

మామూలు గాలికి బదులు నైట్రోజన్ కొట్టిస్తే మెల్లగ దిగుతది అంతే. వేడికి పెరిగేది పొడి గాలి లెక్కనే.

పెట్టాల్సిన దాంట్ల 20 శాతం తగ్గి, అంటే 115 ఉండాల్సింది 92కి దిగి, లోడుతోని నడిచిన టైరుకు రోడ్డు పక్కన గాలి కొట్టనియ్యకు. విప్పి లోపల చూపించు. పక్కగోడ తీగెలు నలిగి ఉంటే గాలి ఎక్కుతుంటనే గొలుసు విప్పినట్టు చీలుతది, ఎదురుంగ ఉన్న మనిషి బతకడు. లోపల బాగుందని తేలినా ఇనుప పంజరంల పెట్టి, దూరం నుంచి కొట్టాలె.