పాలు తాగే బిడ్డని వదిలేసి చావుకి సిద్ధపడిన పెర్పెతువ చేసింది కరెక్టేనా?

మల్లెతీగ: మార్చి 7 పునీత పెర్పెతువ పండగ కదా, ఆవిడ కథ చదివిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదండి. క్రీ.శ. 203లో కార్తేజిలో, అంటే ఇప్పటి ట్యునీషియాలో, క్రైస్తవురాలని ఈమెని జైల్లో పెట్టారు. ఈమెకి ఇరవై రెండేళ్లు, ఒళ్లో పాలు తాగే మగబిడ్డ. రోమా చక్రవర్తుల క్షేమం కోసం ఒక్క బలి ఇస్తే వదిలేస్తారు. ముసలి తండ్రి ఆ పిల్లాణ్ణి ఎత్తుకుని విచారణకొచ్చి వీడి మీద జాలి చూపించమ్మా అని బతిమాలాడు, తీర్పు చెప్పే హిలారియానుస్ కూడా మీ నాన్న నెరిసిన జుట్టు చూడు, పసివాణ్ణి చూడు అన్నాడు. చెయ్యనంది. నేనూ విశ్వాసినే, నాకూ చిన్నపిల్లలున్నారు, కానీ ఇది మింగుడు పడట్లేదు. ఇది దేవుడు అడిగిందేనా?

గుంటూరు విశ్వాసి: సిస్టర్, ఆమె తండ్రితో ఏమందో చూడండి. అక్కడున్న ఒక కూజా చూపించి, దీన్ని కూజా అని కాక ఇంకో పేరుతో పిలవగలమా నాన్నా, నేనూ అంతే, క్రైస్తవురాలిని కాక ఇంకోటని చెప్పుకోలేను అంది. బిడ్డ కోసం అబద్ధం ఆడితే ఆ బిడ్డకి ఏ తల్లి మిగులుతుంది?

చరిత్ర విద్యార్థి: అసలు ఆ మాటలు ఆమె రాసినవేనా అన్నది కూడా చూడాలి బ్రదర్. ఆమె కథలో ఉన్న జైలు డైరీ ఆమె సొంత చేత్తో రాసిందని ముందుమాట రాసిన మనిషి చెప్తున్నాడు, కానీ ఆయనెవరో పేరు లేదు. చనిపోయిన తమ్ముడు దినోక్రతెసు కోసం ఆమె ప్రార్థన చేసే భాగం గురించి మాట్లాడుతూ నాలుగు, ఐదో శతాబ్దాల బిషప్పు పునీత అగుస్తీను గారే "ఆమె గానీ, రాసినవాళ్లు ఎవరైనా గానీ" అన్నట్టు రాశారు. అంటే ఆ కాలానికే కొంచెం సందేహం ఉంది.

అమ్మమ్మ ఊరు: సందేహం ఉంటే ఉండనీండి, నా మటుకు నాకు ఒక ఆడమనిషి రాసిందే అనిపిస్తుంది, ఎందుకో చెప్తా. మల్లెతీగ గారూ, "వదిలేసింది" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. జైల్లో పడ్డ మొదట్లో ఆ చీకటికీ వేడికీ తోడు బిడ్డ కోసం కూడా అల్లాడిపోయిందామె. ఆకలితో నీరసించిన వాడికి అక్కడే పాలిచ్చింది, తర్వాత వాణ్ణి తల్లికీ ఇంకో సోదరుడికీ అప్పజెప్పింది, మళ్లీ ఉండలేక వాణ్ణి తన దగ్గరే ఉంచుకోడానికి పర్మిషన్ తెచ్చుకుంది. అప్పుడు జైలు నాకు రాజభవనంలా అయిపోయింది అని రాసుకుంది. మృగాలకి వెయ్యమని శిక్ష పడ్డాక కూడా పొంపోనియుస్ అనే డీకన్‌ని, అంటే చర్చి సేవకుణ్ణి, పంపి బిడ్డని అడిగింది, ఆమె తండ్రి ఇవ్వనన్నాడు. ఆ తర్వాతి వాక్యం చూడండి, బిడ్డ మళ్లీ పాలు అడగలేదు, నా రొమ్ములు సలపలేదు, అది దేవుడి చిత్తం అంటుంది. పాలు ఆగిపోతే ఒళ్లంతా ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కాక ఇంకెవరికి గుర్తొస్తుంది ఆ మాట రాయడం? ఆ డైరీలో భర్త గురించి ఒక్క ముక్క లేదు, రొమ్ముల సలపరం గురించి ఉంది.

చరిత్ర విద్యార్థి: అది బలమైన మాటే అక్కా. నిరూపణ అనలేను గానీ తీసిపారెయ్యలేను కూడా.

అమ్మమ్మ ఊరు: ఇంకో సంగతి, మనమంతా పెర్పెతువ గురించే కొట్టుకుంటున్నాం, ఆమెతో పాటే చనిపోయిన ఫెలిసితని ఎవరూ ఎత్తట్లేదు. ఆవిడ బానిస. ఎనిమిదో నెల. గర్భిణికి మరణశిక్ష అమలు చెయ్యకూడదని అప్పట్లో రూలు ఉంది కాబట్టి తోటివాళ్లతో కలిసి చనిపోలేనేమోనని బాధపడితే అందరూ ప్రార్థన చేశారు, నెల ముందే కాన్పయింది. నొప్పులకి అరుస్తుంటే జైలు మనిషి ఎగతాళి చేశాడు, మృగాల ముందు ఏం చేస్తావని. ఇప్పుడు నా బాధ నేనే పడుతున్నా, అప్పుడు నాలో ఇంకొకరుండి నా కోసం పడతారు అంది. కొద్దిరోజులకే పచ్చి బాలింత, ఇంకా పాలు కారుతూనే మృగాల్ని వదిలే గోదాలోకి దిగింది, చూడ్డానికొచ్చిన జనమే తట్టుకోలేకపోయారు. ఆడపిల్లని ఒక సోదరి సొంత కూతురిలా పెంచుకుందని ఒక్క వాక్యంతో సరిపెట్టారు, పేరైనా రాయలేదు.

మల్లెతీగ: అక్కా, బిడ్డని మళ్లీ అడిగి పంపిందన్న సంగతి నేను చదివిన చిన్న పుస్తకంలో లేదు. నేనైతే ఆ బలి ఇచ్చేసి ఇంటికొచ్చేదాన్ని, ఈ మాట ఇప్పటికీ అంటాను. కానీ రాయిలాంటి మనిషి అనుకున్నాను కదా, అది మాత్రం వెనక్కి తీసుకుంటున్నా. ఆవిడ చనిపోయిన తమ్ముడి కోసం ప్రార్థన చేసింది కదా, ఈసారి పండక్కి ఫాదర్ గారికి చెప్పి ఆ ఇద్దరు పిల్లల కోసం పూజ పెట్టిస్తాను.