నొసటి రాతా, నెత్తి గీతా?

ప్రశ్న (సీతమ్మధార): ‘నొసటి రాత’, ‘తలరాత’ అనే మాటలు పుర్రె మీది వంకర గీతల్ని చూసి పుట్టాయని ఒక ఉపన్యాసంలో చెప్పారు. నిజమేనా? ఆ గీతలకి తెలుగులో పేరేమైనా ఉందా?

అనాటమీ ట్యూటర్, మహారాణిపేట: చూస్తే రాతలాగే ఉంటాయి, కాదనను. చోటే కుదరదు. పుట్టినప్పుడు నుదుటి ఎముక రెండు ముక్కలు. వాటి మధ్య నిలువుగా ఉండే మెటోపిక్ సూచర్ (సూచరంటే రెండు పుర్రె ఎముకలు కలిసే గీత) చాలామందిలో మొదటి ఏడాదిలోనే పూడటం మొదలవుతుంది, రెండేళ్ళు దాటేసరికి ఇంచుమించు కనబడదు. అంటే పెద్దవాళ్ళ పుర్రెలో నున్నగా ఉండేదే నొసలు! గీతలన్నీ దానికి వెనకే. కరోనల్ తల మీద అడ్డంగా పోతుంది. దాని మధ్య నుంచి పాపిట దారిన వెనక్కి సాజిటల్ నడుస్తుంది. అది ఆగినచోట రెండు పాయలుగా దిగేది లాంబ్డాయిడ్, గ్రీకు అక్షరం లాంబ్డా ఆకారం. అక్షరం పేరు పెట్టుకున్న గీత తల వెనక ఉంది మరి, నొసట కాదు. కొద్దిమందికి మాత్రం మెటోపిక్ జీవితాంతం నిలిచిపోతుంది. నొసటి గీత ఉన్నది వాళ్ళకే.

సంస్కృతం, ఎంవీపీ కాలనీ: పేర్లు పాతవే ఉన్నాయి. సుశ్రుత సంహిత శారీరస్థానంలో కీళ్ళు ఎనిమిది రకాలు. పుర్రె ఎముకల మధ్య కీలుని ‘తున్నసేవని’ అన్నారు, అంటే కుట్టిన కుట్టు. లాటిన్ ‘సుతూరా’ కూడా కుట్టే. మర్మాల (దెబ్బ తగిలితే ప్రమాదమైన చోట్ల) అధ్యాయంలో తల మీది ఐదు సంధులకి ‘సీమంతాలు’ అని పేరు. సీమంతమంటే పాపిట, మనం గర్భిణికి చేసే వేడుక పేరూ అక్కడిదే. రాత సంగతికొస్తే, ‘లలాట లిఖితం’లో లలాటం, అంటే నొసలు, అని తేటగా ఉంది. పుర్రె గీతల కథ తరవాత అతికించినట్టే ఉంది.

రేడియాలజీ, గాజువాక: ఆ నొసటి గీత మాకు తలనొప్పి. దెబ్బ తగిలి వచ్చినవాళ్ళ ఎక్స్‌రేలో మెటోపిక్ కనిపిస్తే పగులని పొరబడే వీలుంది. పగులు నల్లగా, పదునుగా, తిన్నగా పోతుంది. అతుకు వంకరలు తిరుగుతుంది, అంచులు తెల్లగా ఉంటాయి. ఇంకో చిక్కు: పుర్రె పై పొరలో రంపపు పళ్ళలా ఉన్న అతుకే లోపలి పొరలో దాదాపు తిన్నగా ఉంటుంది. ఒకే అతుకు ఫిల్ములో రెండు గీతలుగా పడొచ్చు, ఆ తిన్నగీతే మోసం చేస్తుంది.

ప్రశ్న: పుర్రెకో బుద్ధి అన్నట్టు గీతలూ పుర్రెకో తీరా?

అనాటమీ ట్యూటర్: అవును, ఒకే పుర్రెలో కుడి ఎడమలు కూడా సరిగ్గా కలవవు. సాజిటల్ వెనక భాగంలో, రెండు చిన్న రంధ్రాల నడుమ, వంకరలు తగ్గి దాదాపు సాఫీగా ఉంటుంది. లాంబ్డాయిడ్ దారిలో చిన్న చిన్న విడి ఎముకలు ఇరుక్కుని ఉండటం మామూలే. డెన్మార్క్ వైద్యుడు ఓలే వోర్మ్ పేరుమీద వాటిని వోర్మియన్ ఎముకలంటారు. చెవి పైన ఉన్న స్క్వామస్ అతుకులో పళ్ళు ఉండవు, ఒక ఎముక అంచు ఇంకోదాని మీదికి ఏటవాలుగా ఎక్కుతుంది. అసలు చూడాల్సింది కణత దగ్గరి టెరియాన్. చెంప వంపు ఎముక మధ్య నుంచి సుమారు 4 సెంటీమీటర్ల పైన, నాలుగు ఎముకలు కలిసే చోటది. అక్కడ ఎక్కువమందిలో పెరైటల్ (నెత్తి పక్కది), స్ఫినాయిడ్ (కళ్ళ వెనకది) ఎముకలు ఒకదానికొకటి తాకుతాయి. కొందరిలో ఫ్రంటల్ (నుదుటిది), టెంపొరల్ (చెవి దగ్గరిది) తాకుతాయి. ఎముక పల్చన, లోపలే మెదడు పొరకి రక్తం తెచ్చే మధ్య మెనింజియల్ ధమని ముందు కొమ్మ. కణత మీద దెబ్బకి ఎముక విరిగి ఆ ధమని తెగితే పుర్రెకీ మెదడు పొరకీ మధ్య రక్తం చేరుతుంది. అతుకులు పూడిన తీరుతో వయసు కట్టడం మాత్రం నమ్మలేని పని. సాధారణంగా లోపలివైపు ముందు పూడుతుంది, కానీ మనిషి మనిషికీ తేడా చాలా ఎక్కువ.

ప్రశ్న: అయితే తెలుగులో ‘కుట్టు’ అందామా?

రేడియాలజీ: వద్దండీ. వార్డులో ‘కుట్లు విప్పారా?’ అంటే ఆపరేషన్ కుట్లే. ఇంగ్లీషులో కూడా రెంటికీ సూచరే, ఆ గందరగోళం మనకెందుకు? ‘అతుకు’ చాలు.

అనాటమీ ట్యూటర్: పెద్దవాళ్ళకి సరే. పసిపిల్లలకి అక్కడ అతుక్కున్నదేమీ లేదు, కాన్పులో ఎముకలు ఒకదాని మీదికి ఒకటి జరుగుతాయి కూడా. నడినెత్తిన ఎముకల మధ్య ఉండే నాలుగు మూలల ఖాళీకి ‘మాడు’ అని మంచి మాట ఉండనే ఉంది. అది పూడేది సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్ళకి. విరేచనాలైన బిడ్డకి మాడు గుంటపడిందా అని అమ్మమ్మలు తడిమి చూసేది అక్కడే.

సంస్కృతం: ‘అతుకు’, ‘మాడు’ రెండూ పదకోశంలో వేస్తున్నాను. తున్నసేవని బ్రాకెట్లో.